రెండు వేళ్ళు ఎత్తైన కుండీ

పదో తరగతి పాసైన పిల్లల్ని రెండేళ్ళపాటు కుండీలో నాటాలన్న నిబంధన చింతలరేవు మునిసిపాలిటీలో ఎప్పటినుంచో ఉన్నదే కాబట్టి, రంగనాయకులు, హైమావతి తమ కూతురు లహరికి కుండీ కొనడానికి బయల్దేరిన రోజున వీధిలో ఎవరూ తల తిప్పి చూడలేదు. ఎదురింటాయన మాత్రం స్కూటర్ తుడుచుకుంటూ, "గొట్టమా, తొట్టా?" అని అడిగాడు. హైమావతి "గొట్టమే" అంది. "మంచిది" అని ఆయన మళ్ళీ తుడుచుకోవడంలో పడ్డాడు.

ఈ నిబంధన వెనక కథ పెద్దదేం కాదు. ఊళ్ళో నేలంటూ మిగలకుండా సిమెంటు చేసేశాక, ప్రతి ఇంటికీ ఆరుబయట కొంత తోట ఉండి తీరాలని మునిసిపాలిటీ తీర్మానం చేసింది. మొదట్లో జనం మల్లె, గులాబీ, కరివేపాకు పెంచారు. అయితే మల్లె ఎంత విరగబూసినా దాని ఫొటోతో వీధి మొగలో ఫ్లెక్సీ కట్టడానికి వీల్లేదు. కరివేపాకు గురించి చుట్టాలకు ఫోన్ చేసి చెప్పుకోవడానికి ఏమీ ఉండదు. అలాంటప్పుడు ఇంత నీళ్ళూ ఎరువూ దేనికి తగలెయ్యాలని అందరికీ అనిపించింది. ఎవరో ముందుచూపు ఉన్నాయన తన కొడుకుని నాటాడు. వాడు కాశాడు. మరుసటి సమావేశంలో తీర్మానాన్ని ఆ మేరకు సవరించారు.

పద్ధతి కూడా అందరికీ తెలిసిందే. వేసవిలో పిల్లని మోకాళ్ళ దాకా మట్టిలో దించుతారు. తొలకరికల్లా పాదాలకు వేర్లు వస్తాయి. చెవి వెనక మొదటి ఆకు తొడుగుతుంది. మాట కొంచెం కొంచెంగా సన్నబడి, ఒకరోజు ఆగిపోతుంది. దాన్నే నాటుకోవడం అంటారు. రెండో వేసవిలో నడినెత్తిన కాయ కాస్తుంది. ఆఫీసువాళ్ళు వచ్చి కాయని తూచి, కోసి, రాసుకుని, పిల్లని పైకి తీసి, కాళ్ళు కడిగి అప్పగిస్తారు. బాగా కాసినవాళ్ళ ఫొటోలు ఫ్లెక్సీల మీదికి వెళతాయి.

కుండీల్లో రెండు రకాలున్నాయి. గొట్టం అంటే సన్నగా, లోతుగా ఉండేది. అందులో పిల్లలు నిటారుగా పెరుగుతారు, కూర్చోడానికి ఉండదు, కాయ మాత్రం ఖాయం. తొట్టి అంటే వెడల్పుగా, లోతు తక్కువగా ఉండేది. అందులో పిల్లలు కాళ్ళు మడిచి కూర్చోవచ్చు, వేళ్ళు కదిలించుకోవచ్చు, మాట కూడా పోదు. అయితే గుబురుగా పెరిగి పూలు పూస్తారే తప్ప కాయరు. తొట్టి పిల్లలను ఆఫీసులో పూల విభాగం కింద రాసుకుంటారు. ఫలానా వాళ్ళ పిల్ల పూల విభాగమట అని చెప్పేటప్పుడు జనం గొంతు కాస్త తగ్గిస్తారు, ఇంట్లో ఏదో జబ్బున్నవాళ్ళ గురించి చెప్పినట్టు.

లహరికి నోరెక్కువ అని వీధిలో పేరు. మజ్జిగ ప్యాకెట్‌కి పంపితే మూడిళ్ళ కబుర్లు మోసుకొచ్చేది. బస్సు డిపోలో గుమాస్తాగా పనిచేసే రంగనాయకులు ఇంటికొచ్చి కంచం ముందు కూర్చోగానే అది ఎదురుగా బాసింపట్టు వేసుకుని మొదలుపెట్టేది. ఇస్త్రీ బండి ఆయన గాడిద పేరు మార్చాడట, పాలాయన కూతురు ఈత నేర్చుకుంటోందట, ఇట్లా. చేతులు తిప్పుతూ, మనుషుల గొంతులు అనుకరిస్తూ చెప్పేది. ఆ మాటలు లేని పూట రంగనాయకులుకు అన్నం సయించేది కాదు. గొట్టంలో నాటితే ఆ మాట పోతుందని ఆయనకు తెలుసు. హైమావతికీ తెలుసు.

కానీ హైమావతి బాధ మేడ మీద, మోకాలెత్తు గోడకు అవతల ఉంది. ఆ బాధ పేరు జస్వంత్.

జస్వంత్, రంగనాయకులు వాళ్ళన్న పూర్ణచంద్రరావు కొడుకు. హైమావతి మామగారు పోయాక ఇల్లు నిలువునా రెండు వాటాలు చేశారు. తూర్పు వాటా పెద్దకోడలు కోటేశ్వరికి, పడమటి వాటా చిన్నకోడలు హైమావతికి వచ్చాయి. అందరి ఎదుటా చీటీలు వేసి తీసినవే. అయినా పొద్దుటెండ మొత్తం అవతలికి ఎట్లా పోయిందో హైమావతికి ఇప్పటికీ అంతుపట్టదు. ఆమె వాటాకి మధ్యాహ్నపుటెండా, నీళ్ళ ట్యాంకు నీడా దక్కాయి. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు గానీ, పొరుగింటి ఎండ రుచి హైమావతికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

కోటేశ్వరి చెడ్డమనిషేం కాదు. అదే వచ్చిన చిక్కు. చెడ్డదైతే తిట్టుకుని ఊరుకోవచ్చు. కిందటేడు ఆమె కొడుకుని గొట్టంలో నాటింది. కార్తీకం వచ్చేసరికి వాడి తలనిండా జానెడు జానెడు ఆకులు, నూనె రాసినట్టు మెరుస్తూ. చుట్టాలెవరొచ్చినా కోటేశ్వరి ముందు మేడెక్కించి, తర్వాత కాఫీ ఇచ్చేది. మెట్లు దిగుతూ ఇటు తిరిగి, "ఏందోనమ్మా హైమా, మేమేం పెద్దగా చెయ్యట్లా. వాడే ఎదుగుతున్నాడు" అనేది. ఆ మాట విన్న రోజు హైమావతికి ముద్ద గొంతు దిగేది కాదు. కళ్ళల్లో నిప్పులు పోసుకున్నట్టుండేది. కడుపులో మంట తట్టుకోలేక డాక్టరు దగ్గరికి వెళితే, గ్యాస్ అని చెప్పి బిళ్ళలిచ్చాడు. వేసుకుంది. తగ్గలేదు.

ఒక సోమవారం కోటేశ్వరి శివాలయానికి వెళ్ళిన సమయం చూసి, హైమావతి వడియాలు పెట్టే మిషతో మేడెక్కింది. గోడ దాటింది. జస్వంత్ కుండీ చుట్టూ పురికొస తిప్పి చుట్టుకొలతకో ముడి, ఎత్తుకో ముడి, మూతికో ముడి వేసింది. జస్వంత్ చూస్తూనే ఉన్నాడు. నాటుకున్న పిల్లలు చూసింది ఎవరికీ చెప్పరు కనుక ఆమె కంగారుపడలేదు. "ఏం నాన్నా, బాగున్నావా?" అని పలకరించి, వాడి ఆకు మీద దుమ్ము పమిటచెంగుతో తుడిచింది. ఆ లేత ఆకుని చూడగానే గిల్లెయ్యాలని చెయ్యి ఆగక ముందుకెళ్ళింది. గిల్లలేదు. గిల్లనందుకు తనని తానే మెచ్చుకుంటూ కిందికి దిగింది.

కుండీల బజారులో దుకాణంవాడు మర్యాదగా, "పాప పాదం కొలత తెచ్చారామ్మా?" అని అడిగాడు. పాదం కొలిచి దాన్నిబట్టి మూతి ఇవ్వడం వాళ్ళ పద్ధతి.

"కొలత తెచ్చా" అని హైమావతి సంచీలోంచి పురికొస తీసి బల్ల మీద పరిచింది.

అతను ముడులు చూశాడు. "ఇది మగపిల్లాడి కొలతలా ఉందే?"

"ఉంటే ఉండనీండి. దీనికంటే రెండు వేళ్ళు ఎత్తుది కావాలి."

"ఎత్తు పెరిగేకొద్దీ మూతి సన్నబడుద్దమ్మా. అచ్చు అట్టా వస్తది."

"సన్నబడనీండి."

అతను లోపలికి వెళ్ళాడు. పక్కనే పాప నిలబడి ఉందనీ, ఆ పాపకి రెండు పాదాలున్నాయనీ, కావాలంటే ఇప్పుడే కొలవచ్చనీ అతనికీ తోచలేదు. బజారులో చాలామంది ఇట్లా పురికొసలతోనే వస్తారు.

ఈలోగా లహరి అక్కడున్న సిమెంటు తొట్టిలోకి ఎక్కి బాసింపట్టు వేసుక్కూర్చుంది. "నాన్నా, ఇటు చూడు. ఇందులో ఎడంకాలు తిమ్మిరెక్కితే కుడికాలి మీదికి మార్చుకోవచ్చు. ఇక్కడ కాస్త చోటుంది, పుదీన వేసుకుంటే నాకు తోడుంటది. వానొస్తే నీళ్ళు నిలుస్తయ్యేమో, అడిగి చూడు."

రంగనాయకులు తొట్టిని తట్టి చూశాడు. "బానే ఉందిగా హైమా. గట్టిగా కూడా ఉంది."

"ఇది మోసుకుని మెట్లెక్కేటప్పుడు మీ వదిన ఎదురొచ్చిందనుకోండి. ఏం చెప్తారు?" అని అడిగింది హైమావతి.

రంగనాయకులు ఆలోచించాడు. తొట్టి మీంచి చెయ్యి తీసేశాడు. గొట్టమే కొన్నారు.

మంచి ముహూర్తం చూసి లహరిని మేడ మీద నాటారు. పాదాలకు పసుపు రాశారు, పేరంటాళ్ళని పిలిచారు, హారతిచ్చారు. తోటల ఇన్‌స్పెక్టరు జోజిబాబు వచ్చి, కుండీ అడుగున నీళ్ళు పోయే రంధ్రం ఉందో లేదో వేలు పెట్టి చూసి, ఉందని రాసుకున్నాడు. లహరి పాదాలు వాళ్ళ నాయనమ్మ పోలిక, చేటల్లా వెడల్పు. మూతిలోంచి దిగడానికి కాస్త బలవంతం చేయాల్సొచ్చింది.

"అమ్మా, వేళ్ళు మడతబడుతున్నయ్యే" అంది లహరి.

"కొత్త చెప్పులు మాత్రం కరవ్వా? రెండ్రోజులు పోతే అలవాటైపోద్ది" అంది హైమావతి.

"మీ అన్న కొడుక్కి పట్టిన కుండీ మీ కూతురికి పట్టదా?" అని ఆమె భర్త వంక చూసి కూడా అడిగింది, ఆయన ఇంకా ఏమీ అనకముందే.

కోటేశ్వరి బొట్టు పెట్టించుకుని, తాంబూలం అందుకుని, కుండీ వైపు చూసింది. ఆమె చూపు ఈ కుండీ అంచు మీంచి గోడ దాటి తన కొడుకు కుండీ అంచు దాకా వెళ్ళి, వెనక్కొచ్చి, ఈ అంచు మీదే కాసేపు ఆగింది. ఆ ఆగడం కోసమే హైమావతి ఇంతా చేసింది. ఎన్నో నెలల తర్వాత ఆమె కడుపు చల్లబడింది. ఆ ఆనందంలో అందరికీ అడక్కుండానే రెండోసారి పులిహోర వడ్డించింది.

ఆ చల్లదనం తొలకరి దాకా కూడా నిలవలేదు. వానలు పడ్డాయి. వీధిలో నాటిన పిల్లలందరికీ ఆకులొచ్చాయి. లహరికి ఆకు రాలేదు సరికదా, మాట కూడా పోలేదు. పైగా మేడ మీద నుంచి వీధంతా కనబడుతుండటంతో దానికి సరుకు ఎక్కువైంది. తెల్లారింది మొదలు ఎవరి ఇంటి ముందు ఏం జరుగుతోందో చెబుతూనే ఉండేది. వినడానికి దగ్గర్లో జస్వంత్ తప్ప ఎవరూ లేరు కాబట్టి జస్వంత్‌కే చెప్పేది.

నీడ వల్లనే ఆకు రావడం లేదని హైమావతి నిర్ణయించి కుండీ కింద పీట వేసింది. మర్నాడు కోటేశ్వరి జస్వంత్ కింద రెండు పీటలు వేసింది. హైమావతి తాపీమేస్త్రీని పిలిచి దిమ్మె కట్టించింది. కోటేశ్వరి వెల్డింగ్ షాపులో ఇనప స్టాండు చేయించింది. ఎత్తు గురించి నిబంధనల్లో ఏమీ లేదని జోజిబాబు ఇద్దరికీ విడివిడిగా చెప్పి, ఇద్దరింట్లోనూ విడివిడిగా కాఫీ తాగాడు. హైమావతి ఒక ఆదివారం దుప్పట్లన్నీ ఉతికి, మధ్యాహ్నపుటెండ జస్వంత్ మీద పడకుండా తీగ మీద ఆరేసింది. కోటేశ్వరి తనూ దుప్పట్లన్నీ ఉతికింది. ఆ వారం రెండు కుటుంబాలూ దుప్పట్లు లేకుండానే పడుకున్నాయి. పిల్లలిద్దరూ ఇప్పుడు కరెంటు తీగలకు కొంచెం దిగువన, ఎదురూబొదురుగా నిలబడి ఉన్నారు.

అప్పుడు జస్వంత్ వంగడం మొదలుపెట్టాడు. మొక్కలు ఎండవైపు తిరుగుతాయి. ఎండ తూర్పున ఉంటే వీడు పడమటికి వంగుతున్నాడు. కోటేశ్వరి కుండీని తిప్పిపెట్టింది. రెండ్రోజుల్లో మళ్ళీ ఇటే తిరిగాడు. వాడి ఆకులన్నీ గోడ దాటి లహరి వైపు చెవులు రిక్కించినట్టు నిలబడ్డాయి.

"మావాడు మీ వైపు ఎందుకొస్తున్నాడే?" అని కోటేశ్వరి అడిగింది. మొదటిసారి ఆమె గొంతులో నవ్వు లేదు.

"ఏమో అక్కా. మేమేం పెద్దగా చెయ్యట్లా. వాడే వస్తున్నాడు" అంది హైమావతి. ఆ పూట ఆమె రెండుసార్లు అన్నం పెట్టించుకుంది.

ఇంకో నాలుగు రోజులకు, కోటేశ్వరి మిరపకాయలు ఎండబెట్టడానికి మేడెక్కింది. లహరి ఎప్పట్లాగే చెబుతోంది. రేషన్ కొట్టు ముందు ఇద్దరు పోట్లాడుకుంటుంటే, వాళ్ళ వరసలో వెనక నిలబడ్డాయన మెల్లగా ముందుకొచ్చి బియ్యం తీసుకుని వెళ్ళిపోయాడట. ఇంతవరకు చెప్పి లహరి గుక్క తిప్పుకోవడానికి ఆగింది.

"తర్వాత?" అన్నాడు జస్వంత్.

ఏడాది పైన అయింది కోటేశ్వరి కొడుకు గొంతు విని. గొంతు మారింది కూడా, కాస్త బొంగురుపోయింది. మిరపకాయలు అక్కడే వదిలేసి, చీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని, తిన్నగా మునిసిపల్ ఆఫీసుకు వెళ్ళి ఫిర్యాదు ఇచ్చింది. పక్కవాటాలో సరిగా నాటుకోని పిల్ల ఉండటం మూలాన తన పిల్లవాడు మాట్లాడుతున్నాడనీ, వెంటనే తగు చర్య తీసుకోవాలనీ ఆమె కోరింది.

జోజిబాబు మర్నాడే వచ్చాడు. జస్వంత్ ఎంత వంగాడో కొలిచాడు. లహరి కుండీని రెండు చేతులా పట్టుకుని ఊపి చూశాడు. లహరి కదిలింది. అతను తల పంకించి, రెండు వాటాలవాళ్ళనీ మేడ మీదికి పిలిచాడు.

"మాట పోలేదంటే కుండీలో ఎక్కడో చోటు మిగిలి ఉందన్నమాట. పై నుంచి మూతి సన్నంగా ఉన్నా లోపల పాపకి కాస్త సందు దొరికింది. దీనికి రెండే మార్గాలండి. పైకి తీసి తొట్టిలోకి మారిస్తే పూల విభాగంలో రాసుకుంటాను. తొట్టిని పక్కవాటాకి దూరంగా, కింద పెరట్లో పెట్టుకోవాలి. మాట ఉంటుంది, కాయ ఉండదు. కాదంటే సందుల్లో గులకరాళ్ళు పోసి బిగించాలి. వారంలో మాట పోతుంది, ఆకు వస్తుంది. ఏదైనా మాకు అభ్యంతరం లేదు. మీ ఇష్టం."

అతని మాట పూర్తవకముందే రంగనాయకులు మెట్లు దిగి వెళ్ళిపోయాడు. ఆటోలో తొట్టితో తిరిగొచ్చాడు. పెరట్లో పెట్టాల్సిందే అయినా, ముందు పిల్లకి చూపించాలని ఒక్కడే దాన్ని భుజాన పెట్టుకుని మేడ మీదికి మోసుకొచ్చి దించాడు. ఆయాసపడుతూనే తొట్టిని చేత్తో తట్టి చూపించాడు.

"అదే! బజార్లో చూసిందే!" అంది లహరి. "జస్వంత్, తొట్టొచ్చింది. నేను పెరట్లోకి పోతున్నా. అక్కణ్ణుంచి అరిచి చెప్తాలే, వినపడుద్ది."

హైమావతి కుండీ ముందు గొంతుక్కూర్చుంది. అడుగంచున నీళ్ళు పోయే రంధ్రంలోంచి లహరి బొటనవేలి చివర బయటికొచ్చి ఉంది, కందిపోయి. తల్లి దాన్ని తాకింది. "నొప్పా?" అని అడిగింది. "ఇప్పుడు తెలియట్లేదులే" అంది లహరి. ఇన్నాళ్ళూ తను ఈ పిల్ల ఎదురుగా నిలబడి ఈ కుండీని తలెత్తి చూసిందే గాని, వంగి చూడలేదని హైమావతికి తోచింది. సిగ్గేసింది. ఏడుపొచ్చింది.

"తీసెయ్యండి" అంది భర్తతో.

రంగనాయకులు కూతురి చంకల కింద చేతులు వేశాడు.

గోడ అవతల నుంచి కోటేశ్వరి ఇదంతా చూస్తోంది. ఆమెక్కూడా మనసు కరిగింది. నిజంగానే కరిగింది, అబద్ధం చెప్పకూడదు. గోడ మీద కూర్చుని ఇటు వంగి, ఎంతో ఆప్యాయంగా, "పోనీలే హైమా, బాధపడమాక. పూలు మాత్రం అందం కాదా? అందరూ కాయాలనేముంది? ఎవరి ప్రాప్తం వాళ్ళది" అని నవ్వింది.

అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందట వెనకటికో కోడలు. హైమావతి ఏడవలేదు. లేచి నిలబడి, చేతులకంటిన మట్టి దులుపుకుంది. ఇప్పుడిప్పుడే వచ్చిన కన్నీళ్ళు ఎక్కడివక్కడ ఇంకిపోయాయి.

"గులకరాళ్ళు ఏ సైజువి పొయ్యాలండీ?" అని జోజిబాబుని అడిగింది.

"హైమా" అన్నాడు రంగనాయకులు.

"ఎత్తమాకండి."

ఆయన చేతులు ఇంకా కూతురి చంకల కిందే ఉన్నాయి. కొంచెం బలం పెడితే వచ్చేసేదే. వేర్లు కూడా లేవు. అన్నగారు గోడ అవతల పేపరు చదువుతున్నట్టు నిలబడి ఇటే చూస్తున్నాడు. ఎదురింటాయన తన మేడ మీదికొచ్చి చూస్తున్నాడు. రంగనాయకులు చేతులు తీసేశాడు. తొట్టిని ట్యాంకు కిందికి జరిపి, ఎవరూ చూడకుండా దాని మీద గోనెసంచీ కప్పాడు.

బఠాణీ గింజంత రాళ్ళు ఆఫీసులోనే ఉచితంగా ఇస్తారు. జోజిబాబు వెంట వచ్చిన మనిషి బస్తా విప్పి గరిటెతో పోయడం మొదలుపెట్టాడు. లహరి అలవాటు కొద్దీ జస్వంత్ వైపు తిరిగి చెప్పసాగింది.

"ఇప్పుడు రాళ్ళు పోస్తున్నారు. చల్లగా ఉన్నయ్. నాన్న ట్యాంకు దగ్గర నిలబడ్డాడు, ఇటు చూట్టంలా. అమ్మ చూస్తంది. అమ్మ మీ అమ్మ వంక చూస్తంది. చీలమండ దాకా వచ్చినయ్యి. ఇప్పుడు కర్రతో కూరుతున్నారు."

"తర్వాత?" అన్నాడు జస్వంత్.

లహరి నోరు తెరిచింది. చెప్పాల్సింది ఉన్నట్టే కనిపించింది. కర్ర ఇంకో రెండు పోట్లు పడ్డాక అది నోరు మూసుకుంది. జస్వంత్ ఆ సాయంత్రం దాకా అటే వంగి ఎదురుచూశాడు.

వారం అవసరం కాలేదు. అయిదో రోజున లహరికి చెవి వెనక ఆకు తొడిగింది. హైమావతి మేడ మెట్లు ఒకటి వదిలి ఒకటి దిగి వచ్చి వీధిలో అందరికీ చెప్పింది. వినడానికి ఏమీ లేకపోవడంతో జస్వంత్ మెల్లగా నిటారుగా లేచి, తూర్పుకు తిరిగాడు. ఆ తర్వాత వచ్చిన వేసవిలో వాడికి మంచి కాయ కాసింది. ఫ్లెక్సీ కట్టారు. కోటేశ్వరి మైసూర్‌పాక్ పంచింది. హైమావతి ఆ ముక్కని కొరికి, బాగుందని చెప్పి, వారం రోజులు గ్యాస్ బిళ్ళలు వేసుకుంది.

మరుసటి వేసవిలో లహరికీ కాసింది. జస్వంత్ కాయకంటే కాస్త బరువే తూగింది. హైమావతి జీవితంలో అంత సంతోషం ఎప్పుడూ పడలేదు. పెళ్ళప్పుడు కూడా పడలేదని ఆమే చెప్పుకుంది. లహరిని పైకి తీసి, కాళ్ళు కడిగారు. చేటల్లాంటి పాదాలు సన్నగా, కోసుగా, కుండీ అడుగు ఎట్లా ఉందో అట్లా తయారయ్యాయి. అది చిన్న చిన్న అడుగులు వేసుకుంటూ గోడవారగా నడిచేది. చూడ్డానికొచ్చిన పేరంటాళ్ళు, ఎంత అణకువ వచ్చిందో చూడండమ్మా, వెనక గెంతులేసిన పిల్లేనా ఇది, అని మెచ్చుకున్నారు.

రాత్రిళ్ళు రంగనాయకులు కంచం ముందు కూర్చుంటే లహరి ఎదురుగా నిలబడేది. కూర్చోమన్నా కూర్చునేది కాదు. "ఇయ్యాల వీధిలో ఏంటమ్మా విశేషాలు?" అని ఆయన రోజూ అడిగేవాడు. లహరి ఆయన వంక చూసేది. ఏం చెప్పాలో దానికి తట్టేది కాదు. మాట దానంతటదే వస్తుందనీ, అవసరం పడితే తన్నుకుంటూ వస్తుందనీ జోజిబాబు ధైర్యం చెప్పాడు. హైమావతి పైకి ఒప్పుకోలేదు గానీ లోలోపల బెంగపడింది. పిల్ల మాట శాశ్వతంగా పడిపోయిందేమోనని రెండు శుక్రవారాలు అమ్మవారికి మొక్కుకుంది.

ఆ నెలాఖరులో మలివిడత కుండీల లారీ వీధిలోకి వచ్చింది. రెండేళ్ళ కుండీలోంచి తీసిన పిల్లల్ని నాలుగేళ్ళ కుండీలోకి మార్చాలన్నది కూడా ఎప్పటినుంచో ఉన్న నిబంధనే. ఇవి మనిషి నడుం దాకా వస్తాయి. రకరకాల రంగుల్లో, నున్నగా, పేర్లు చెక్కి ఉంటాయి. జస్వంత్ కిందటేడే ఒకదాంట్లోకి మారి పట్నంలో ఏదో మేడ మీద ఉన్నాడు. వీధి వీధంతా లారీ చుట్టూ మూగింది. రంగనాయకులు కూతుర్ని చెయ్యి పట్టుకుని జనంలోంచి ముందుకి తీసుకెళ్ళాడు. ఈసారి తను వెనక్కి తగ్గకూడదని ఆయన డిపోలో కూర్చుని గట్టిగా అనుకుని వచ్చాడు.

"ఇదుగో తల్లీ, అన్నీ ఉన్నయ్. వెడల్పువీ ఉన్నయ్. ఎవరి మాటా వినమాక. నీకేది కావాలో నువ్వే చూసి చెప్పు" అన్నాడు.

లహరి లారీ వైపు చూసింది. వరసగా ఉన్న కుండీల మీద దాని చూపు మెల్లగా ఈ చివర నుంచి ఆ చివరికి వెళ్ళింది. పెదవులు కదిలాయి. దాదాపు రెండేళ్ళుగా మూతబడిన గొంతు సవరించుకుని, బొంగురుగా అడిగింది.

"జస్వంత్ ఏది తీసుకున్నాడు?"

"మాటొచ్చింది!" అని హైమావతి కేక పెట్టింది. కూతుర్ని కావలించుకుని, వీధి మధ్యలో నిలబడి వలవలా ఏడ్చింది. చుట్టుపక్కలవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. పిల్ల బంగారంలాంటి మాటతో మొదలుపెట్టిందని ఎదురింటాయన అన్నాడు. కోటేశ్వరి ముఖం చిన్నబోయింది. పట్నంలో తన కొడుకింకా మాట్లాడటం లేదు.

"వాడి సంగతి వద్దమ్మా" అన్నాడు రంగనాయకులు. "నీకేది నచ్చింది? అది చెప్పు."

లహరి తండ్రి వంక చూసింది. ఆయన చెప్పేది అయ్యేదాకా అణకువగా ఆగింది. తర్వాత తల్లి వైపు తిరిగి, మళ్ళీ అదే అడిగింది.